‘లెట్’ అను చిన్న మాట

మన పాఠశాలకు వచ్చు త్రోవలో ఇండ్ల గోడలకు వ్రేలాడు ‘టు లెట్’ పలకలను విద్యార్థులందఱును చూచియుందురు. ఇంగ్లీషు అక్షరమొక్కటియైన రానివారును వానిని చూచి, ‘ఈ యిల్లు అద్దెకిత్తురు’ అని గ్రహింతురు. సాయంకాలము టెన్నిసు ఆడుచోటికి పోయినచో, సర్వీసు చేసిన బంతి వల పై యంచును తాకి అవతలి గడిలో పడగనే ‘లెట్’ అను కేక వినబడును. ఆ సర్వీసు లెక్కకు రాదు, మరల చేయవలెనని దాని భావము. విదేశయాత్ర చేయువాని పాస్‌పోర్టు తెఱచి, అందలి యభ్యర్థన వాక్యమును చదివినచో ఈ మాటయే మరల కనబడును. అచ్చట దాని యర్థము ‘ఆటంకము’.

తరగతిలో మాత్రము మేము చిన్నపిల్లలకు ‘లెట్’ అనగా ‘పోనిచ్చు, అనుమతించు’ అని నేర్పుచున్నాము. పోనిచ్చుట యెక్కడ, అడ్డగించుట యెక్కడ? తలుపు తెఱచుటకును మూయుటకును ఒకే మాట వాడినట్లున్నది. ఇది యెట్లు సంభవించినదో చెప్పుట యీ వ్యాసముయొక్క మొదటి పని. రెండవ పని యొకటి కలదు. ఈ సమాధానమును నేను ఒక విద్యార్థికి చాలకాలముగా బాకీపడియున్నాను. ఆ సంగతి మొదట చెప్పెదను.

శిక్షణ కళాశాల విడిచి వచ్చిన క్రొత్తలో నేనొక పల్లెటూరి పాఠశాలలో ఇంగ్లీషు చెప్పుచుంటిని. నాకప్పుడు ఇంగ్లీషంతయు తెలియునను నమ్మకము మెండు. ఒకనాడు ‘లెట్’ అను క్రియను నల్లబల్లమీద వ్రాసి, దాని కెదురుగా ‘అనుమతించు’ అని వ్రాసి, పిల్లలచేత పదిమారులు చెప్పించితిని. మఱునాడు ఒక బాలుడు తన తాతగారి పాత ఇంగ్లీషు బైబిలును సంచిలో పెట్టుకొని వచ్చెను. దాని అట్ట ఊడిపోయి యుండెను. అతడు రోమీయులకు వ్రాసిన పత్రిక మొదటి యధ్యాయమును తెఱచి, వ్రేలు పెట్టి చూపుచు నిట్లడిగెను:

“మాస్టరుగారూ, పౌలుగారు రోమాకు పోవలెనని చాలమారులు అనుకొన్నారు గదండీ. తెలుగు బైబిలులో ఆటంకము కలిగినదని యున్నదండీ. ఇక్కడ ఇంగ్లీషులో ‘లెట్’ అని యున్నది. నిన్న మీరు ‘లెట్’ అనగా పోనిచ్చుట అని చెప్పితిరి. పోనిచ్చిన యెడల ఆయన యెందుకు పోలేదండీ?”

నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పుటకు నోరు రాలేదు. “పాత పుస్తకము గదరా, అచ్చుతప్పు పడియుండును, కూర్చుండుము” అంటిని. తరగతి నవ్వెను. నేనును నవ్వితిని. బాలుడు పుస్తకము మూసి సంచిలో పెట్టుకొని కూర్చుండెను. ఆ సంవత్సరమంతయు అతడు నా పాఠములో మరల చెయ్యి యెత్తలేదు.

కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట, వేఱొక పనిమీద గ్రంథాలయములో పెద్ద ఇంగ్లీషు నిఘంటువును తిరుగవేయుచుండగా, ‘లెట్’ అను మాట రెండు వేఱువేఱు క్రియలుగా, రెండు శీర్షికల క్రింద అచ్చువేయబడియుండుట చూచితిని. తప్పు తాతగారి బైబిలులో లేదు. నా చదువులో నుండెను. అప్పటికి ఆ కుటుంబము ఊరు విడిచిపోయినది. నేనును మఱియొక పాఠశాలకు వచ్చియుంటిని.

ఇక మాట పుట్టుకకు వచ్చెదము. సుమారు 5వ శతాబ్దపు నడుమనుండి 11వ శతాబ్దమువఱకు ఇంగ్లండులో మాటలాడబడిన భాషను ప్రాచీనాంగ్లమందురు. ఆ భాషలో ‘లేటన్’, ‘లెట్టన్’ అను రెండు క్రియలుండెను. ‘లేటన్’ అనగా విడుచు, పోనిచ్చు. ‘లెట్టన్’ అనగా ఆలస్యము చేయు, అడ్డగించు. మొదటిదానియందు అచ్చు దీర్ఘము, టకారమొక్కటియే. రెండవదానియందు అచ్చు హ్రస్వము, టకారము ద్విత్వము. మన చెవికి ‘పాలు’ అనుటకును ‘పల్లు’ అనుటకును ఎంత భేదము కలదో, ఆకాలపువారి చెవికి వీనికి నంత భేదముండెను.

కాలము గడచినకొలది మాటల తోకలు రాలిపోయినవి. దీర్ఘము పొట్టిదైనది, ద్విత్వము వినబడకపోయినది. రెండు మాటలును ‘లెట్’ అను నొకే రూపమునకు దిగినవి. వేఱు వేఱు ఊళ్లలో పుట్టిన యిద్దఱు మనుష్యులు ఒకే పేరుతో ఒకే వీథిలో కాపురమున్నట్లయినది. ఉత్తరములు తెచ్చువానికి చిక్కు కలుగుట సహజమే గదా.

ఇట్టిది మన తెలుగులోను జరిగినది. సాధురేఫతో వ్రాసిన ‘వేరు’ చెట్టు మూలము. శకటరేఫతో వ్రాసిన ‘వేఱు’ మఱియొకటి యను నర్థమిచ్చును. పూర్వులు ఈ రెండు రేఫలను వేఱుగా పలికిరి. నేడు పలుకుబడిలో భేదము పోయినది. వ్రాతలోను పెక్కుమంది ఒకే రకారము వాడుచున్నారు. కనుక చెట్టు వేరును, వేఱు సంగతియును చూపునకు ఒకటేయైనవి. అంతమాత్రమున తెలుగు చెడ్డ భాష యని మనమందుమా? ఇంగ్లీషు ‘లెట్’ పదములును అట్టివే. రూపమొకటి, వేరులు రెండు.

అయితే ఇంకను లోతుగా త్రవ్వినచో ఒక వింత కనబడును. అడ్డగించుట యను ‘లెట్టన్’ క్రియ, ‘మందమైన, ఆలస్యమైన’ అను నర్థముగల విశేషణమునుండి పుట్టినది. ఆ విశేషణమే నేటి ‘లేట్’. ‘రైలు లేటు’, ‘బస్సు లేటు’ అని మన ఇండ్లలో అమ్మమ్మలు సైతము అనుచున్న మాట యిదే. ఒకనిని లేటు చేయుట అనగా వానికి ఆటంకము కలిగించుట. ఇక పోనిచ్చుట యను ‘లేటన్’ క్రియకును ఈ ‘లేట్’ పదమునకును అతిప్రాచీనమైన ధాతువొక్కటియే మూలమనియు, దాని యర్థము ‘సడలుట, వదులగుట’ అనియు భాషాశాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. ‘విడుచు’ అను నర్థముగల జర్మను క్రియ ‘లాసెన్’ ఈ ‘లేటన్’ తోబుట్టువు.

సడలుట యను నొక్క భావమునుండి ఈ రెండు విరుద్ధార్థములు ఎట్లు పుట్టగలవో మన రైతు చక్కగా చెప్పగలడు. ఎద్దు పగ్గమును వదులు చేసినచో ఎద్దు కదలి పోవును, అది పోనిచ్చుట. ఎద్దు ఒడలే అలసి వదులైనచో నడక మందగించి బండి ఆలస్యమగును, అది ఆటంకము. తెలుగులోను ‘వదులు’ అను విశేషణమును, ‘వదలు’ అను క్రియయు ఎంత దగ్గఱి చుట్టములో చూడుడు. కనుక మన ‘లెట్’ పదములు రెండును తొలుత జ్ఞాతులు. ప్రాచీనాంగ్లమున వేఱు కాపురములు పెట్టినవి. పిమ్మట ఒకే పేరున కలహించినవి.

ఈ రెంటిలో అడ్డగించు ‘లెట్’ చాలకాలము బ్రదికెను. షేక్స్‌పియరు రచించిన హామ్లెట్ నాటకమున, తండ్రి ప్రేతమును వెంబడింపబోవు రాకుమారుని స్నేహితులు పట్టుకొని యాపుదురు. తన్ను ఆపువానిని చంపెదనని అతడు బెదిరించునప్పుడు వాడిన క్రియ యిదే. నేటి యర్థముతో చదువు విద్యార్థి, తన్ను పోనిచ్చువానినే రాకుమారుడు చంపెదననుచున్నాడని తలంచి నివ్వెఱపోవును. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో, రోమీయులకు వ్రాసిన పత్రికయందేగాక, థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రిక 2వ అధ్యాయమునందును, యెషయా గ్రంథము 43వ అధ్యాయమునందును ఈ క్రియ ‘అడ్డగించు’ అను నర్థముననే కలదు. 1881లో ఇంగ్లండున సవరింపబడిన క్రొత్త నిబంధన వెలువడినప్పుడు, ఆ పత్రికలు రెంటిలోను ‘లెట్’ తీసివేసి, ఆటంకమును స్పష్టముగా తెలుపు మాటలను పెట్టిరి. తెలుగు బైబిలు చదువువారికి మొదటినుండియు ఈ చిక్కే లేదు.

ఆ సవరణ చేసినవారిది సరియైన పనియే యని నా యభిప్రాయము. భాషాంతరము చదువరికి బోధపడుటకే గదా. అయినను వారు సవరించుటచేత పూర్వులది తప్పు కాలేదు. 1611నాటి పండితులు తమకాలపు జనులకు తెలిసిన మాటనే వాడిరి. మాట వారి వెనుక మాఱినది. పాత గ్రంథములో మనకు బోధపడని మాట కనబడినప్పుడు, గ్రంథమును నిందించుటకు ముందు మన కాలమును దాని కాలమును పోల్చి చూచుకొనవలెను. నేనా పని చేయక ‘అచ్చుతప్పు’ అంటిని.

ఏల ఆ ‘లెట్’ వాడుకనుండి తొలగెను? ఒకే ధ్వనిగల రెండు క్రియలు, ఎదురెదురు అర్థములతో, వాక్యములో ఒకేచోట నిలుచుట కష్టము. ‘వచ్చినవానిని లెట్ చేయుము’ అని యజమానుడు కావలివానితో చెప్పినచో వాడు తలుపు తెఱవవలెనా, మూయవలెనా? ఇట్టి చిక్కు కలిగినప్పుడు జనులు మెల్లమెల్లగా ఒకదానిని విడిచి, దాని పనికి వేఱు మాటను పిలుచుకొందురు. ఇచ్చట ‘హిండర్’, ‘ప్రివెంట్’ అను మాటలు ఆ పనిని చేపట్టినవి. ఈ ‘ప్రివెంట్’ కథయు ఇట్టిదే. లాటినులో దాని మూలమునకు ‘ముందు వచ్చుట’ అని యర్థము. 1611 బైబిలులోను ఆ యర్థముననే కనబడును. ఒకనికంటె ముందు వచ్చి త్రోవలో నిలుచువాడు వానిని ఆపగలడు గనుక, రానురాను ఆ మాటకు ‘నివారించు’ అను నర్థము స్థిరపడెను.

అయినను అడ్డగించు ‘లెట్’ పూర్తిగా నశింపలేదు. రెండు మూలల దాగి బ్రదికియున్నది. ఒకటి ఆటస్థలము. బంతికి వలవలన ఆటంకము కలిగినది గనుక అది ‘లెట్’. మన పిల్లలు కొందఱు దీనిని ‘నెట్’ అని కేక వేయుదురు. వల తగిలినది గనుక అదియే సరియని వారి యూహ. ఊహ తెలివిగలదియే, కాని మాట అది కాదు. రెండవ మూల రాజకార్యముల భాష. భారతదేశపు పాస్‌పోర్టునందును బ్రిటిషు పాస్‌పోర్టునందును, యాత్రికుని నిరాటంకముగా పోనిండని అన్యదేశాధికారులను కోరు వాక్యమొకటి కలదు. ఆ వాక్యములో ‘ఎలౌ’, ‘లెట్’ అను రెండు మాటలును కొలదిపాటి దూరములో నున్నవి. మొదటిది అనుమతిని, రెండవది ఆటంకమును తెలుపును. ‘లెట్’ అనగా అనుమతి యని మాత్రమే నేర్చినవాడు ఆ వాక్యమును చదివినచో, యాత్రికుని అనుమతి లేకుండ పోనిండని తలక్రిందుగా అర్థము చేసికొనును.

ఇండ్ల గోడలమీది ‘టు లెట్’ మాత్రము పోనిచ్చు ‘లెట్’ సంతతి. యజమానుడు తన యింటిని మఱియొకని వాడుకకు విడిచిపెట్టుచున్నాడు. నీరు వెడలు మార్గమగు ‘అవుట్‌లెట్’, లోనికి వచ్చు మార్గమగు ‘ఇన్‌లెట్’ ఆ యింటివే. ‘బుక్‌లెట్’ అను మాట చివరనున్న ‘లెట్’ వీనికేమియు కాదు. అది ఫ్రెంచి భాషనుండి వచ్చి, చిన్నదనమును తెలుపు ప్రత్యయము. పోలికను చూచి బంధుత్వము కట్టరాదనుటకు ఇదియొక యుదాహరణము.

విరుద్ధార్థములు ఒకే మాటయందు చేరుటకు నేనెఱిగిన మార్గములు మూడు. రెండు మాటలు కలిసిపోవుట మొదటిది. ‘లెట్’ వలెనే ‘క్లీవ్’ అను మాటయు నిట్లయినది. దానికి ‘చీల్చు’ అనియు, ‘హత్తుకొను’ అనియు రెండర్థములు. ప్రాచీనాంగ్లములో ఇవి రెండు వేఱు క్రియలు. 1611 బైబిలులో ఆదికాండము 2వ అధ్యాయమున పురుషుడు భార్యను హత్తుకొనుటకు ఈ మాట వాడిరి. 22వ అధ్యాయమున అబ్రాహాము కట్టెలు చీల్చుటకును ఈ మాటయే వాడిరి. ఒకే గ్రంథమున కట్టెలు చీలినవి, దంపతులు కలిసిరి, మాటయొక్కటియే. చదువువారెవరును ఒకదాని నొకటిగా భ్రమింపరు.

ఒకే మాట రెండు కొమ్మలు వేయుట రెండవ మార్గము. ‘శాంక్షన్’ అను మాట లాటినులో ‘పవిత్రముగా స్థిరపఱచు’ అను క్రియనుండి వచ్చినది. చట్టమును అధికారి స్థిరపఱచినచో అది ఆమోదము. ఆ చట్టమును మీఱినవానికి విధింపబడు శిక్షయు దాని స్థిరత్వము కొఱకే గనుక అదియు ‘శాంక్షన్’. మన తెలుగువారి నోట ‘లోను శాంక్షనైనది’ అనునది శుభవార్త. 1935లో ఇటలీ అబిస్సీనియాపై దండెత్తినప్పుడు నానాజాతి సమితి ఆ దేశముమీద విధించిన ‘శాంక్షనులు’ వర్తక నిషేధములు. ఇంటికి వచ్చినది మొదటి కొమ్మ, ఇటలీకి పోయినది రెండవ కొమ్మ, మ్రాను ఒకటే.

అశుభము పలుకుటకు వెఱచి, శుభమైన మాటను దాని చోట పెట్టుట మూడవ మార్గము. దీనికి ఇంగ్లండువఱకు పోనక్కఱలేదు. మన వంటయింటికి పోయిన చాలును. ‘నిండుకొను’ అనగా నిండుట. చెఱువు నిండుకొన్నదనిన నీరు మెండుగా నున్నదని యర్థము. కాని తల్లి ‘బియ్యము నిండుకొన్నవి’ అనినచో బుట్ట వట్టిదైనదని యర్థము. ఇంట ధాన్యము లేదనుట మంచిది కాదని మన పెద్దలు ఆ మాటను త్రిప్పి పలికిరి. అయిదేండ్ల పిల్లవాడైన ఈ మాట విని పొరపడడు. సంచి పట్టుకొని అంగడికి పోవును. సంస్కృతములోను ‘ఆరాత్’ అను నవ్యయమునకు దూరమనియు సమీపమనియు అమరకోశము రెండర్థములను చెప్పుచున్నది. కనుక ఇంగ్లీషు మాత్రమే కట్టుబాటులేని భాష యని మనవారిలో కొందఱు అనుమాట న్యాయము కాదు.

పిల్లవాడు ‘నిండుకొన్నవి’ అను మాటను నిఘంటువు చూచి నేర్చెనా? లేదు. ఎవరు, ఎచ్చట, దేనినిగూర్చి అనిరో చూచి నేర్చెను. ఇంగ్లీషు మాటనుగూడ అట్లే నేర్పవలెనని నా వాదము. ‘లెట్’ అను క్రియ తరువాత ఒక మనుష్యుడును, అతడు చేయవలసిన పనియును వచ్చినచో అది పోనిచ్చు ‘లెట్’. తరువాత ఏ పనియు చెప్పక, ‘అతడు లెట్ చేయబడెను’ అన్నట్లు పాత గ్రంథములో వాక్యము ఆగినచో, అది అడ్డగించు ‘లెట్’ కావచ్చునని అనుమానింపవలెను. ‘హిండ్రెన్స్’ అను మాటతో జంటగా వచ్చినచో సందేహమే లేదు. మాట తన ప్రక్కనున్న మాటలచేత తన్ను తెలుపుకొనును. నాడు ఆ బాలుడు చేసినదిదియే: తెలుగు బైబిలును ఇంగ్లీషు బైబిలును ప్రక్కప్రక్కన పెట్టి, కథ నడచుతీరును చూచి, ఉపాధ్యాయుడిచ్చిన అర్థము అచ్చట పొసగదని కనిపెట్టెను. అతడు చేసినది పండితుని పని. నేను చేసినది పండితుని పని కాదు.

దీనికి కొందఱు తల్లిదండ్రులు చెప్పు ఆక్షేపణ నేనెఱుగుదును. ‘ఇవన్నియు వినోదమునకు బాగుగనే యున్నవి. పరీక్షలో మాటకెదురుగా ఒక అర్థము వ్రాసిన మార్కు వచ్చును. పిల్లలకు సమయమెక్కడిది?’ అని వారందురు. ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. పరీక్ష యున్నది, సమయము కొఱతయే. కాని లెక్క చూడుడు. ‘లెట్’ అనగా ‘అనుమతించు’ అని వల్లించినవానికి మాటయొక్కటి వచ్చినది, అదియు సగము. దాని వేరు తెలిసినవానికి ‘లేట్’, దానినుండి పుట్టిన ‘లేటర్’, ‘లాస్ట్’, ఇటు ‘అవుట్‌లెట్’, ‘ఇన్‌లెట్’, ఆటస్థలపు ‘లెట్’, గోడమీది ‘లెట్’ అన్నియు ఒకేమారు చేతికి వచ్చును. వానిని వేఱుగా వల్లింప నక్కఱలేదు. వల్లించినది పరీక్ష ముగియగనే మఱపునకు వచ్చును; కారణము తెలిసినది మిగులును.

కనుక మూడు విన్నపములు చేసికొందును.

విద్యార్థులారా! మీ మాటల పుస్తకములో ఇంగ్లీషు మాటకెదురుగా తెలుగు మాటనొక్కదానిని వ్రాసి గీత గీయకుడు. ఆ మాట వచ్చిన వాక్యమును పూర్తిగా వ్రాసికొనుడు. అదే మాట వేఱొకచోట వేఱు అర్థముతో కనబడినప్పుడు, పాత వాక్యము క్రింద క్రొత్త వాక్యమును వ్రాయుడు. రెండును పొసగనిచో సిగ్గుపడక అడుగుడు. మీకు కలిగిన సందేహము మీ మందబుద్ధివలన కలిగినదని ముందుగా తీర్మానించుకొనకుడు. పుస్తకమును శ్రద్ధగా చదివినవానికే సందేహము కలుగును. చదువనివానికి ఏ సందేహమును లేదు.

తల్లిదండ్రులారా! ‘మావాడు నేడెన్ని మాటలు నేర్చెను?’ అని యడుగుటకు బదులు, ‘నేడు నీవు మాస్టరుగారిని ఏమి అడిగితివి?’ అని మీ బిడ్డను అడుగుడు. చదువవేసిన నున్న మతి పోయెనను సామెత మన దేశములో ఊరక పుట్టలేదు. ఇంట పొట్లము కాగితమును, గోడమీది పలకను చదివి, ‘ఇదేమి? అదేల?’ అని నూఱు ప్రశ్నలు వేయు బిడ్డ, పాఠశాలకు వచ్చిన కొన్నాళ్లకు నోరు మెదపకుండుట మీరును చూచియుందురు. ఆ మౌనమును వినయమని పొగడకుడు.

తోడి ఉపాధ్యాయులారా! మీకంటె నేను తెలిసినవాడనని చెప్పుటలేదు. ‘నాకు తెలియదు, రేపు చూచి చెప్పెదను’ అను వాక్యము పలుకుటకు నాకు చాల సంవత్సరములు పట్టెను. పలికిన పిమ్మట తరగతిలో నా గౌరవమునకు లోపమేమియు కలుగలేదు. ఆ మఱునాడు నేను సమాధానముతో పోయినప్పుడు పిల్లలు పాఠముకంటె దానినే ఎక్కువ శ్రద్ధగా వినిరి. ఉపాధ్యాయుడును వెదకునని, వెదకిన దొరకునని వారప్పుడు చూచిరి. ఉపాధ్యాయుని చేతిలో రెండు ‘లెట్’ పదములును గలవు. పిల్లవాని ప్రశ్నను పోనిచ్చుటయు మనవలననే, అడ్డగించుటయు మనవలననే. నేను ఒకమారు అడ్డగించితిని.

ఆ బాలుడు నేడు పెరిగి పెద్దవాడై యుండును. ఎచ్చట నున్నాడో నేనెఱుగను. ఈ పత్రిక అతని కంట పడునను ఆశయు నాకు లేదు. అయినను చెప్పవలసిన మాట చెప్పుట ధర్మము గనుక వ్రాయుచున్నాను: నాయనా, మీ తాతగారి పుస్తకములో అచ్చుతప్పు లేదు. పౌలునకు నిజముగా ఆటంకమే కలిగినది. నీ ప్రశ్న సరియైనది.